గడప దాటని ప్రోటీను

వ్యాధిగ్రస్తుని ముందు కూర్చున్న వైద్యునికి తొలుత తోచే ప్రశ్న "ఇతనిలో లోపించినది ఏమి?" అన్నది. ఇనుము చాలకపోతే రక్తహీనత, అయోడిన్ చాలకపోతే గలగండం. కొరతపడిన వస్తువును అందిస్తే శరీరం తేరుకుంటుంది. ఈ లెక్క సులభమైనది, శతాబ్దాలుగా వైద్యులకు తెలిసినది. అయితే ఇరవయ్యవ శతాబ్దపు చివరి పాతిక సంవత్సరాలలో జీవశాస్త్రజ్ఞులు ఈ లెక్కకు లొంగని వ్యాధుల వర్గం ఒకటి ఉన్నదని గ్రహించారు. ఈ వ్యాధులలో శరీరానికి కావలసిన ప్రోటీను తయారవుతూనే ఉంటుంది. కొన్ని సందర్భాలలో అది కొంత పని చేయగల స్థితిలోనే ఉంటుంది. కాని పుట్టిన చోటనే నిలిచిపోతుంది. కణంలోని ఒక గదిలో బందీ అయి, చేరవలసిన చోటికి చేరక, చివరకు అక్కడనే నశిస్తుంది.

లేకపోవడం వేరు, చెడిపోవడం వేరు, ఉండీ చేరకపోవడం వేరు. రోగికి కలిగే బాధ మూడింటిలోనూ ఒకటే కావచ్చును. చికిత్స మాత్రం ఒకటి కాదు. ఈ మూడింటిని వేరుచేసి చూపడానికి శాస్త్రజ్ఞులకు మిక్కిలి తోడ్పడిన సాధనాలలో ఒకటి వెలుగునిచ్చే ప్రతిరక్షకం. కణం అనే చీకటి ఇంటిలో ఒకే ఒక్క ప్రోటీనును వెదకి పట్టుకొని, అది ఏ గదిలో ఉన్నదో దీపం పెట్టి చూపగల శక్తి దానిది.

కణంలోని దారులు

మానవ కణం వెడల్పు సాధారణంగా ఒక మిల్లీమీటరులో నూరవ వంతుకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. అంత చిన్న చోటులో వేల రకాల ప్రోటీనులు ఎవరి పని వారిదన్నట్లు మెలగుతూ ఉంటాయి. కణం వెలుపలికి పోవలసిన ప్రోటీనులు, కణం పైపొరలో నిలబడవలసిన ప్రోటీనులు మొదట అంతర్జీవద్రవ్యజాలం అనే పొరల వలయంలోకి ప్రవేశిస్తాయి. కేంద్రకాన్ని చుట్టుకొని కణమంతటా అల్లుకొన్న వల ఇది. ఇక్కడ ప్రోటీను గొలుసు తన సరియైన ఆకారంలోకి ముడుచుకుంటుంది. ఆ తరువాత చిన్న చిన్న బుడగలలో కూర్చొని, పళ్ళెములను దొంతరగా పేర్చినట్లుండే గాల్జి సంచులకు చేరుతుంది. అక్కడ దాని మీద ఉన్న చక్కెర గొలుసులకు తుదిమెరుగులు దిద్దడం జరుగుతుంది. అక్కడ నుండి కణం పైపొరకో, వెలుపలికో, మరొక గదికో దాని ప్రయాణం సాగుతుంది.

ఈ దారిని మొట్టమొదట స్పష్టంగా గుర్తించినవాడు రుమేనియాలో జన్మించి అమెరికాలో పనిచేసిన జార్జి పలాడి. జీర్ణరసాలను స్రవించే క్లోమగ్రంథి కణాలకు రేడియోధార్మిక ఎమైనో ఆమ్లాలను అందించి, అవి ఏ వేళకు ఏ గదిలో ఉన్నవో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆయన, ఆయన సహచరులు వెంబడించారు. 1974లో ఆల్బర్ట్ క్లాడ్, క్రిస్టియన్ ద డ్యూవ్‌లతో కలసి పలాడి నోబెల్ బహుమతి పొందాడు. ప్రోటీను గొలుసులోనే అది పోవలసిన చోటు తాలూకు చిరునామా వ్రాసి ఉంటుందని నిరూపించిన గుంటర్ బ్లోబెల్‌కు అదే బహుమతి 1999లో లభించింది.

తపాలా కార్యాలయంలో చిరునామా చూసి ఉత్తరాలను వేరుచేసినట్లు కణం ప్రోటీనులను వేరుచేస్తుంది. ఐతే తపాలాబంట్రోతు చేయని పని ఒకటి కణం చేస్తుంది. ఉత్తరం లోపల వ్రాసినది సరిగా ఉన్నదా లేదా అని కూడ అది పరీక్షిస్తుంది. సరిగా ముడుచుకోని ప్రోటీనును అంతర్జీవద్రవ్యజాలం దాటనివ్వదు. చేనేత సంఘంలో చీరను మడత విప్పి, పోగు తప్పిన చోటు కనబడితే పక్కన పడవేసినట్లు, ఇక్కడ కొన్ని సహాయక ప్రోటీనులు ఒక్కొక్క గొలుసును తడిమి చూస్తాయి. లోపమున్న దానిని మళ్ళీ ముడుచుకొనేటందుకు కొంత కాలం నిలిపి ఉంచుతాయి. అప్పటికీ కుదరకపోతే దానిని వెలికి తీసి ముక్కలు చేయడానికి పంపుతాయి. ఈ విధంగా నిలిపి ఉంచడమే ప్రోటీను నిరోధం. ఆరోగ్యవంతమైన కణానికి ఇది రక్ష. అదే కొన్ని సందర్భాలలో శిక్షగా పరిణమిస్తుంది.

దీపం కట్టిన ప్రతిరక్షకం

కణంలోని ఒక ప్రోటీనును మిగిలిన వేల ప్రోటీనుల నడుమ గుర్తించడం ఎట్లా? ఈ పనికి కావలసిన నేర్పు ప్రకృతిలో ముందుగానే ఉన్నది. శరీరంలోకి పరాయి వస్తువు ప్రవేశించినప్పుడు రక్తంలో ప్రతిరక్షకాలు పుడతాయి. ఒక్కొక్క ప్రతిరక్షకం తనకు సరిపడిన ఆకారాన్ని మాత్రమే, తాళపుచెవి తాళంలో ఇమిడినట్లు, పట్టుకుంటుంది. పట్టుకొన్న సంగతి మన కంటికి తెలియడమొక్కటే తరువాయి.

ఆ కొరతను తీర్చినవాడు అమెరికాకు చెందిన వైద్యుడు ఆల్బర్ట్ కూన్స్. 1939లో బెర్లిన్ నగరంలో ఉన్నప్పుడు ఆయన కీళ్ళవాతపు జ్వరం గురించి ఆలోచించసాగాడు. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవుల తరువాత పిల్లలలో గుండె కవాటాలను దెబ్బతీసే ఈ జ్వరం భారతదేశానికి ఎంతమాత్రం కొత్తది కాదు. ఈనాటికీ ఇక్కడి ఆసుపత్రులలో దాని బారినపడిన గుండెలు కనబడుతూనే ఉన్నాయి. రోగి గుండె కండరంలో కనిపించే చిన్న గడ్డలలో ఆ సూక్ష్మజీవుల తాలూకు పదార్థం ఉన్నదా లేదా అన్నది కూన్స్ సందేహం. సూక్ష్మజీవికి వ్యతిరేకంగా పుట్టిన ప్రతిరక్షకానికి రంగు కట్టి, దానిని కణజాలం మీద పోస్తే, పదార్థమున్న చోట రంగు అంటుకోవాలి కదా అని ఆయన తలచాడు.

మామూలు రంగులు ఇందుకు చాలవు. ప్రతిరక్షకానికి కట్టగలిగిన కొద్దిపాటి రంగు కంటికి ఆనదు. కనుక తన మీద పడిన కాంతిని పీల్చుకొని వేరొక రంగు కాంతిని వెదజల్లే ప్రతిదీప్తి పదార్థాలను కూన్స్ ఎన్నుకొన్నాడు. హార్వర్డ్ రసాయనశాస్త్రజ్ఞుల సాయంతో 1941లో చేసిన మొదటి ప్రయత్నంలో ప్రతిరక్షకానికి ఆంత్రసీన్ సంబంధమైన పదార్థాన్ని కలిపారు. అతినీలలోహిత కాంతిలో అది నీలిరంగున వెలిగింది. ప్రతిరక్షకం తన పట్టును కోల్పోలేదు. కాని చిక్కు మరొక వైపు నుండి వచ్చింది. జంతువుల కణజాలానికి స్వతహాగా నీలికాంతినిచ్చే గుణమున్నది. నీలిలో నీలి కలసిపోయి ప్రతిరక్షకం వెలుగేదో, కణజాలం వెలుగేదో తెలియకుండా పోయింది.

అప్పుడు వారు ఫ్లోరెసీన్ వైపు తిరిగారు. 1871లో జర్మనీ రసాయనవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేసిన ఈ పదార్థం ప్రకాశవంతమైన ఆకుపచ్చ కాంతినిస్తుంది. 1942లో ఫ్లోరెసీన్ కట్టిన ప్రతిరక్షకంతో న్యుమోనియాను కలిగించే న్యూమోకాకస్ తాలూకు పదార్థాన్ని కణజాలంలో కూన్స్ బృందం చూపగలిగింది. యుద్ధం వల్ల ఆ పని కొన్నేళ్ళు ఆగింది. 1950లో మెరుగుపరచిన పద్ధతిని ప్రకటించిన తరువాత అది లోకమంతటా వ్యాపించింది. మొదట్లో ఫ్లోరెసీన్‌ను ప్రతిరక్షకానికి అతికించే పదార్థాన్ని తయారుచేయడానికి విషవాయువైన ఫాస్జీన్‌ను ఉపయోగించవలసి వచ్చేది. 1958లో కాన్సస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు స్థిరంగా నిలువ ఉండే ఐసోథయోసయనేట్ రూపాన్ని తయారుచేయడంతో ఆ ప్రమాదం తొలగి, సాధారణ ప్రయోగశాలలకు కూడ ఈ విద్య అందుబాటులోకి వచ్చింది.

అదే సంవత్సరంలో ఈ పద్ధతితో మెదడు కణజాలంలో రేబిస్ వైరసును గుర్తించవచ్చునని తేలింది. కరచిన కుక్కకు రేబిస్ ఉన్నదా లేదా అన్న ప్రశ్న ఒక కుటుంబానికి ఎంతటి ప్రాణసంకటమో మన దేశంలో వేరుగా చెప్పనక్కరలేదు. చనిపోయిన జంతువు మెదడు నుండి తీసిన పలుచని ముద్రపై వెలుగునిచ్చే ప్రతిరక్షకాన్ని పోసి చూసే పరీక్షనే ఈనాటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణికమైన వాటిలో ముఖ్యమైనదిగా పరిగణిస్తున్నది. కీళ్ళవాతపు జ్వరం కోసం తయారైన పనిముట్టు ఈ విధంగా ఎన్నో ఇతర వ్యాధులకు పనికి వచ్చింది.

చూసే విధానం

ఈ పద్ధతిలో ఒక మెట్టు తరువాత ఒక మెట్టుగా జరిగే పని తెలిస్తే దాని బలమూ, దాని పరిమితీ రెండూ బోధపడతాయి. గాజుపలక మీద పెంచిన కణాలను మొదట ఫార్మాల్డిహైడ్ వంటి పదార్థంతో ఉన్నవి ఉన్నట్లుగా బిగుసుకొనేటట్లు చేస్తారు. దీనితో కణం మరణిస్తుంది. కాని ఏ ప్రోటీను ఏ చోట ఉన్నదో ఆ చోటనే నిలిచిపోతుంది. ప్రతిరక్షకం పెద్ద అణువు కనుక కణం పొరను దాటి లోపలికి పోలేదు. అందుచేత ఒక డిటర్జెంటుతో పొరకు రంధ్రాలు చేస్తారు. తరువాత ప్రతిరక్షకపు ద్రావణాన్ని పోసి, కొంత సేపు ఉంచి, అంటుకోని దానిని కడిగివేస్తారు. మిగిలినది వెదకుతున్న ప్రోటీనును పట్టుకొన్న ప్రతిరక్షకం మాత్రమే.

చాలా ప్రయోగశాలలు ఇందులో రెండు ప్రతిరక్షకాలను వాడతాయి. మొదటిది, ఉదాహరణకు కుందేలు నుండి తీసినది, ప్రోటీనును పట్టుకుంటుంది. దానికి దీపం ఉండదు. రెండవది మేక నుండి తీసినది. కుందేలు ప్రతిరక్షకం ఏది కనబడినా దానిని పట్టుకొనేది. దీపం దీనికి కడతారు. ఒక్క కుందేలు ప్రతిరక్షకం మీద పలు మేక ప్రతిరక్షకాలు వ్రాలుతాయి కనుక వెలుగు హెచ్చుతుంది. ఒకే రకపు దీపంతో ఎన్నో రకాల ప్రోటీనులను చూడవచ్చును కనుక ఖర్చు తగ్గుతుంది. 1954లో థామస్ వెల్లర్, కూన్స్ కలసి అమ్మవారు పోసే ఆటలమ్మ వైరసును, సర్పి వైరసును పరీక్షించడానికి ఈ రెండంచెల పద్ధతినే ఉపయోగించారు. ఆ రెండు వ్యాధులకు మూలం ఒకే వైరసు అన్న నిర్ణయానికి అది బలం చేకూర్చింది.

నీలికాంతిని ప్రసరింపజేసి సూక్ష్మదర్శినిలో చూస్తే నల్లని నేపథ్యంలో ఆకుపచ్చని బొమ్మ కనబడుతుంది. ఆ బొమ్మ ఆకారమే సమాధానం. కేంద్రకం చుట్టూ సన్నని వలవలె పరచుకొని ఉంటే ప్రోటీను అంతర్జీవద్రవ్యజాలంలో ఉన్నదని అర్థం. కేంద్రకానికి ఒక ప్రక్కన నెలవంక వలె ముద్దగా ఉంటే గాల్జి సంచులకు చేరినదని అర్థం. కణం అంచున రేఖ గీసినట్లుంటే పైపొరకు చేరినదని అర్థం. సందేహం మిగిలితే, జాలానికి చెందినదని ముందే తెలిసిన మరొక ప్రోటీనును ఎర్రని దీపంతో చూపి, రెండు బొమ్మలు ఒకదానిపై ఒకటి సరిపోతున్నవా అని పోల్చి చూస్తారు.

ప్రోటీను పైపొరకు నిజంగా చేరినదా, పైపొరకు దగ్గరలో లోపలనే ఆగినదా అన్నది తేల్చడానికి చిన్న ఉపాయమున్నది. కొన్ని కణాలకు డిటర్జెంటు వేయకుండా ప్రతిరక్షకాన్ని పోస్తారు. అప్పుడది లోనికి పోలేదు కనుక, వెలుపలికి ముఖం చూపిన ప్రోటీనును మాత్రమే పట్టుకోగలదు. డిటర్జెంటు వేసిన కణం వెలిగి, వేయని కణం చీకటిగా ఉంటే ఆ ప్రోటీను గడప దాటలేదన్నమాట.

కాలంతో పాటు కదిలే ప్రోటీనును కూడ ఈ పద్ధతితో వెంబడించవచ్చును. పశువుల నోటిలో పొక్కులు కలిగించే ఒక వైరసుకు చెందిన పైపొర ప్రోటీనులో వేడికి లోబడే మార్పు ఉన్నది. సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద అది సరిగా ముడుచుకోక జాలంలోనే ఆగిపోతుంది. 32 డిగ్రీలకు దించితే అంతా ఒక్కసారిగా బయలుదేరుతుంది. 1981లో అమెరికాలోని శాన్ డియాగోలో బెర్గ్‌మన్, టోకుయాసు, సింగర్ అనే శాస్త్రజ్ఞులు వేడి తగ్గించిన తరువాత వేరువేరు వేళలలో కణాలను బిగించి, ప్రతిరక్షకాలతో పరీక్షించారు. కొద్ది నిమిషాలలోనే ప్రోటీను గాల్జి సంచులకు చేరడం, ఆ తరువాత పైపొరలో కనబడడం వారు చూడగలిగారు. నిరోధమూ, విడుదలా రెండూ ఒకే ప్రయోగంలో ప్రత్యక్షమైనవి.

నాలుగు అక్షరాల ముద్ర

జాలంలో ఆగిపోయిన ప్రోటీనులన్నీ లోపం వల్ల ఆగినవి కావు. ప్రోటీనులను ముడిచే సహాయకుల నివాసమే అక్కడ. వెలుపలికి పోయే ప్రవాహంలో ఉంటూ అవి కొట్టుకొనిపోకుండా ఎట్లా నిలుస్తాయి? ఇంగ్లండులోని కేంబ్రిడ్జి అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో పనిచేస్తున్న శాన్ మన్రో, హ్యూ పెల్హాం 1987లో దీనికి సమాధానం ప్రకటించారు. జాలంలో నివసించే మూడు వేరువేరు ప్రోటీనుల గొలుసులను వారు పోల్చి చూశారు. మూడింటి చివరను ఉన్న నాలుగు ఎమైనో ఆమ్లాలు ఒకటే: లైసీన్, ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం, ల్యూసీన్. శాస్త్రజ్ఞుల సంకేతాక్షరాలలో కె, డి, ఇ, ఎల్.

ఈ పోలిక యాదృచ్ఛికమా కాదా అని తేల్చడానికి వారు కోతి మూత్రపిండ కణాలలో ప్రయోగం చేశారు. వాటిలో ఒక ప్రోటీను తోకను కత్తిరించగా అది కణం వెలుపలికి పోయింది. తోకను కత్తిరించక, దాని చివర మరికొన్ని ఎమైనో ఆమ్లాలను తగిలించినా అదే జరిగింది. అనగా ఆ నాలుగక్షరాలు ఉంటే చాలదు, చివరనే ఉండాలి. ఇక కోడిగ్రుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ స్వభావరీత్యా కణం వెలుపలికి పోయేది. దాని చివర ఈ తోకను అతికించగా అది వెలికి రాక జాలంలోనే పోగుపడింది.

ఆ తరువాత మరొక ఆశ్చర్యం వెల్లడైంది. ఈ ముద్ర ప్రోటీనును జాలంలో కట్టివేసే త్రాడు కాదు. 1988లో పెల్హాం చేసిన ప్రయోగంలో, ఈ తోక కలిగి జాలంలో కనబడుతున్న ఒక ప్రోటీను మీద జాలం దాటిన తరువాత మాత్రమే పడే గుర్తు ఉన్నది. అనగా అది గడప దాటి వెళ్ళి, మళ్ళీ తిరిగి వచ్చినదన్నమాట. 1990లో ఈ ముద్రను గుర్తుపట్టే గ్రాహకాన్ని కనుగొన్నారు. తప్పిపోయి గాల్జి సంచులకు చేరిన ప్రోటీనును ఆ గ్రాహకం పట్టుకొని జాలానికి తిరిగి తెచ్చి వదులుతుంది. కనుక సూక్ష్మదర్శినిలో కదలక నిలిచినట్లు కనబడే వెలుగు నిజానికి నిరంతరం పోయి వచ్చే రాకపోకల ఫలితం. ఈ నాలుగక్షరాల తోకనే గుర్తించే ప్రతిరక్షకాలు ఈనాడు ఎన్నో ప్రయోగశాలలలో జాలాన్ని చూపే దీపాలుగా ఉపయోగపడుతున్నాయి.

ఉప్పని చెమట

ఈ జ్ఞానం రోగి మంచం దగ్గరకు చేరిన చరిత్రలో సిస్టిక్ ఫైబ్రోసిస్ వ్యాధికి ముఖ్యస్థానమున్నది. పుట్టుకతో వచ్చే ఈ వ్యాధిలో ఊపిరితిత్తులలో జిగురువంటి కఫం పేరుకొని, పదేపదే సూక్ష్మజీవుల దాడి జరుగుతుంది. క్లోమగ్రంథి నాళాలు మూసుకొనిపోయి తిన్నది ఒంటికి పట్టదు. బిడ్డ చెమట మామూలుకంటె ఉప్పగా ఉంటుంది. 1938లో డొరోతీ ఆండర్సన్ అనే అమెరికన్ వైద్యురాలు దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించిన రోజులలో ఈ బిడ్డలు చాలామంది పసితనంలోనే మరణించేవారు.

1989లో ఈ వ్యాధికి మూలమైన జన్యువును లాప్-చీ సూయ్, ఫ్రాన్సిస్ కాలిన్స్, జాన్ రియోర్డన్‌ల బృందాలు కనుగొన్నాయి. కణం పైపొరలో నిలిచి క్లోరైడును రాకపోకలు చేయనిచ్చే 1480 ఎమైనో ఆమ్లాల ప్రోటీనుకు అది మూలం. పాశ్చాత్య దేశాల రోగులలో అత్యధిక సంఖ్యాకులకు కనీసం ఒక జన్యుప్రతిలో ఒకే లోపమున్నది. 508వ స్థానంలో ఉండవలసిన ఫినైలాలనీన్ అనే ఒక్క ఎమైనో ఆమ్లం అందులో లేదు. 1480లో ఒక్కటి లోపించినంత మాత్రాన ఇంతటి విపత్తు ఎందుకు కలగాలి?

1990లో సెంగ్ చెంగ్ బృందం చేసిన పరిశోధన ఇందుకు దారి చూపింది. లోపమున్న ప్రోటీను మీద గాల్జి సంచులలో దిద్దవలసిన చక్కెర మెరుగులు లేవు. అంటే అది అంతవరకు చేరనేలేదు. 1992లో రోగుల చెమటగ్రంథులను, శ్వాసనాళపు కణాలను ప్రతిరక్షకాలతో పరీక్షించిన శాస్త్రజ్ఞులకు ఇదే విషయం కంటికి కనిపించింది. ఆరోగ్యవంతుల కణాలలో నాళం వైపున్న అంచున వెలుగు నిలిచింది. ఈ లోపమున్నవారి కణాలలో ఆ అంచు చీకటిగా ఉన్నది. జాలంలోని పరీక్షకులు ఆ ప్రోటీనును గడప దాటనివ్వక, ముక్కలు చేయడానికి పంపుతున్నారు.

అదే సంవత్సరంలో మైకేల్ వెల్ష్ ప్రయోగశాల మరొక సంగతి తెలిపింది. కణాలను 37 డిగ్రీలకు బదులు 30 డిగ్రీలు, అంతకన్న తక్కువ వేడిలో పెంచితే లోపమున్న ప్రోటీనులో కొంత భాగం సరిగా ముడుచుకొని పైపొరకు చేరుతున్నది. చేరిన తరువాత అది క్లోరైడును కొంతవరకు పోనిస్తున్నది కూడ. పూర్తిగా పనికిమాలినదనుకొన్న ప్రోటీనులో ఇంకా పస ఉన్నది. మనిషి శరీరాన్ని 30 డిగ్రీలకు చల్లార్చడం సాధ్యం కాదు; కాని చల్లదనం చేసిన పనిని ఒక మందు చేయగలదేమో అన్న ఆశ ఆ ప్రయోగంతో చిగురించింది.

ఆ ఆశ ఫలించడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. 2012లో అమెరికాలో అనుమతి పొందిన ఐవాకాఫ్టర్ అనే మందు, పైపొరకు చేరి కూడ తలుపు తెరువని ప్రోటీను కలిగిన కొద్దిమంది రోగులకు మేలు చేసింది. రెండు జన్యుప్రతులలోను 508వ స్థానపు లోపమున్నవారికి అదే మందును ఒంటరిగా ఇచ్చి చూడగా చెప్పుకోదగిన ప్రయోజనం కనబడలేదు. తలుపే గుమ్మానికి చేరనప్పుడు గొళ్ళెం తీయడానికి ఏమున్నది? ప్రోటీను ఏ చోట ఉన్నదన్న ప్రశ్నకు వైద్యంలో ఎంత విలువ ఉన్నదో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. ముడుచుకొనేటప్పుడు ప్రోటీనుకు ఊతమిచ్చే మందును ఐవాకాఫ్టర్‌తో కలిపి 2015లో అందించారు. 2019 అక్టోబరులో అటువంటి రెండు ఊతమందులను ఐవాకాఫ్టర్‌తో కలిపిన మూడు మందుల చికిత్సకు అమెరికా ప్రభుత్వం అనుమతినిచ్చింది. పరీక్షలలో దానిని పుచ్చుకొన్న రోగులలో ఒక్క క్షణంలో బలంగా విడువగలిగిన ఊపిరి కొలత, మందు లేనివారితో పోల్చితే సగటున సుమారు 14 శాతం పాయింట్లు పెరిగింది. ఊపిరితిత్తుల మార్పిడి కోసం వేచియున్న కొందరికి ఆ అవసరమే తప్పింది.

సిస్టిక్ ఫైబ్రోసిస్ ఒక్కటే కాదు. కాలేయంలో తయారై ఊపిరితిత్తులను కాపాడవలసిన ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీనులో ఒక మార్పు వస్తే అది కాలేయ కణాల జాలంలోనే గడ్డకట్టుకుంటుంది. అక్కడ కాలేయం చెడుతుంది. ఇక్కడ రక్షణ లేక ఊపిరితిత్తులు చెడతాయి. ఒకే ప్రోటీను ఒకచోట ఎక్కువై, మరొకచోట తక్కువై రెండు అవయవాలకు హాని చేస్తుంది.

వెలుగును నమ్మడమెట్లా

వెలిగినదంతా వెదకిన ప్రోటీను కాదు. ప్రతిరక్షకాలు కొన్ని వేళల పోలికలు చూసి మోసపోతాయి. తమది కాని ప్రోటీనును కూడ పట్టుకుంటాయి. ఒక జంతువు నుండి తీసినది మరొక జంతువు నుండి తీసినదానితో సమానం కాదు. 1975లో జార్జి కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే కణసంతతి నుండి ఒకే రకపు ప్రతిరక్షకాన్ని ఎడతెగక తయారుచేసే విధానాన్ని కనుగొన్నారు. 1984లో వారికి నోబెల్ బహుమతి తెచ్చిన ఆ విధానం ఈ తేడాలను చాలావరకు తొలగించింది. అయినా చిక్కు పూర్తిగా తీరలేదు. అమ్మకానికి వచ్చే ప్రతిరక్షకాలలో నమ్మదగనివి ఎక్కువగా ఉన్నాయనీ, వాటి నిర్మాణం ఇదమిత్థమని తెలిసి ఉండాలనీ 2015లో నూరుమందికి పైగా శాస్త్రజ్ఞులు బహిరంగంగా కోరవలసి వచ్చింది.

అందుచేత జాగ్రత్తగల పరిశోధకుడు వెలుగును చూచి వెంటనే సంతోషించడు. ఆ ప్రోటీనుకు మూలమైన జన్యువును తొలగించిన కణాల మీద అదే ప్రతిరక్షకాన్ని పోసి చూస్తాడు. అక్కడ కూడ వెలుగు వస్తే ఆ ప్రతిరక్షకం సాక్ష్యం చెల్లదు. మొదటి ప్రతిరక్షకం లేకుండా రెండవదానిని మాత్రమే పోసి, దానంతట అది ఎంత అంటుకుంటున్నదో చూస్తాడు. జాలంలో వెలుగు పోగుపడినదని చెప్పే ముందు ఒక మెలిక కూడ విప్పుకొంటాడు: ఆ ప్రోటీను నిజంగా ఆగిపోయినదా, లేక అప్పుడే తయారై ఇంకా బయలుదేరవలసి ఉన్నదా? కొత్త ప్రోటీను తయారు కాకుండా ఒక మందుతో ఆపి, గంట గంటకు చూస్తే బయలుదేరవలసినది బయలుదేరుతుంది. ఆగినది ఆగే ఉంటుంది, లేదా ఉన్నచోటనే నశిస్తుంది.

జెల్లీచేప నుండి లభించిన ఆకుపచ్చ ప్రోటీనును జన్యువు ద్వారా అతికించి, బ్రతికియున్న కణంలోనే ప్రయాణాన్ని చూసే విధానం 1994 తరువాత వాడుకలోకి వచ్చింది. 2008లో దానికి నోబెల్ బహుమతి లభించింది. ఐనా వెలుగునిచ్చే ప్రతిరక్షకానికి పని తగ్గలేదు. రోగి శరీరం నుండి తీసిన కణంలో, ఎవరూ ఏ మార్పూ చేయని ప్రోటీనును ఉన్నది ఉన్నట్లు చూడవలసి వచ్చినప్పుడు నేటికీ దాని సాయమే కోరుతారు.

సిస్టిక్ ఫైబ్రోసిస్ తెల్లజాతివారికి మాత్రమే వచ్చే వ్యాధి అని ఒకప్పుడు అనుకొనేవారు. భారతదేశంలో కూడ ఈ వ్యాధిగ్రస్తులైన పిల్లలున్నారని ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వంటి చోట్ల పనిచేసే వైద్యులు చూపారు. చెమటలోని క్లోరైడును కొలిచే పరీక్ష అన్ని ఆసుపత్రులలో లేనందువల్ల ఎందరో పిల్లల దగ్గు క్షయగానో, ఆగని న్యుమోనియాగానో లెక్కకు వస్తుంది. ఇక్కడి రోగులలో 508వ స్థానపు లోపం వాటా పాశ్చాత్య దేశాలకంటె తక్కువ. కనుక ఆ లోపం కోసం తయారైన మందు ఇక్కడి బిడ్డలలో కొందరికి సరిపడకపోవచ్చును. సరిపడే వారికి కూడ, అమెరికాలో ఏడాదికి సుమారు 3 లక్షల డాలర్ల ధరతో వచ్చిన మందు అందనిదే. ఇక్కడి బిడ్డలలో ప్రోటీను లేకపోయినదా, పైపొరకు చేరి పని చేయకున్నదా, గడప దాటలేకున్నదా అన్నది ఒక్కొక్క లోపానికి విడివిడిగా తేల్చవలసి ఉన్నది. ముందుగా మాత్రం ఆ బిడ్డ దగ్గు క్షయ కాదని గుర్తించి, చెమటను పరీక్షకు పంపే వైద్యుడు ఉండాలి.